మూడో వరస మీద గీత

సెన్‌జాకి,
జూన్ 12, 2003

మిసావో అక్కకి,

వానలు పట్టుకున్నాయి. మీ మత్సుయెలోనూ పట్టుకునే ఉంటాయి. ఇలాంటి రోజుల్లో నీ మోకాళ్ళు నొప్పి పెడతాయి కదా, జాగ్రత్త. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే ప్రస్తుతానికి నేనొక్కణ్ణే. మా ఆవిడ తొమియెకి తుంటి ఎముక ఆపరేషన్ అయింది. మళ్ళీ నడక నేర్పే ఆస్పత్రిలో ఉంది. ఇంటికి రావడానికి ఆకులు రాలే కాలం అవుతుందంటున్నారు. కంగారు పడవలసిందేమీ లేదు, పక్క మంచాలవాళ్ళ మీద అప్పుడే పెత్తనం మొదలుపెట్టింది.

నీకు రాయడానికి కారణం వేరే ఉంది. కొట్లో ఫ్యాక్సు మిషన్ మొండికేసింది. ఇన్నేళ్ళూ హోటళ్ళవాళ్ళు చేపముద్దలకి ఆర్డర్లు ఫ్యాక్సులో పంపడం, తొమియె వాళ్ళకి ఫోన్ చేసి సరేనని చెప్పడం జరిగేది. ఇప్పుడు ఆవిడ లేదు కాబట్టి జవాబులు కూడా నేనే ఫ్యాక్సులో పంపుదామని కూర్చున్నాను. కూర్చున్న దగ్గర్నుంచీ నా ప్రాణాలు తోడేస్తోంది. ఒక కాగితం పెడితే కింద ఉన్న రెంటినీ కలిపి మింగేస్తుంది. మధ్యలో ఇరుక్కుని కీచుమంటుంది. పోనీ వెళ్ళిందే అనుకో, అవతల కాగితం మీద నిలువునా నల్లగీత పడుతోందట. యుమోతో హోటల్ ముసలావిడ మిషనే పాడై ఉంటుందని ఆవిడకి గట్టిగా రాసి పంపాను. ఆ రాసిన కాగితం మీద కూడా గీత పడిందట.

ఇంకొకటి. ఫోన్ అసలు మోగకుండా, ఎవరు చేసినా నేరుగా కాగితమే వచ్చేలా పెట్టుకునే ఏర్పాటు ఉంటుందట కదా. ఆ మీట ఎక్కడుంటుందో చెప్పు.

మీ బధిరుల సంఘంలో ఎవరి ఫ్యాక్సు చెడినా నిన్నే పిలుస్తారని సదయొ పిన్ని చెప్పింది. అందుకని రాస్తున్నాను. వీలుంటే జవాబు రాయి. వీలు కాకపోతే పర్వాలేదు.

షూజో


మత్సుయె,
జూన్ 20

షూజోకి,

నీ ఉత్తరం అందింది. ఇన్నేళ్ళకి వచ్చిన ఉత్తరం కదా అని కుట్టుపని పక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివాను. నా మోకాళ్ళకి ఒక వాక్యం, కాగితం మింగే మిషన్‌కి పేజీన్నర. బాగుంది. అమ్మ ప్రాణం మీదికి వచ్చినప్పుడు నాకు చెప్పనివాడివి, మిషన్‌కి ఒంట్లో బాగాలేకపోతే వెంటనే చెప్పావు.

తొమియె త్వరగా లేచి తిరగాలి. ఆమెకి విడిగా కార్డు రాస్తున్నాను. ఆమె మీద నాకేం కోపం లేదు.

ఇక నీ మిషన్ సంగతి. చేపలు ఉడికించే చోట, అందులోనూ ఈ వానల్లో, కాగితాలు బయట పడేసి ఉంచితే అంటుకుపోక ఏం చేస్తాయి? మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టు. మిషన్‌లో పెట్టేముందు కట్టని విసనకర్రలా రెండుసార్లు విప్పి, అంచులు సరిచేసి పెట్టు. మూత తెరిస్తే లోపల రబ్బరు రోలరు కనపడుతుంది. దాని నిండా కాగితపు పొడి, నీ కొట్టు జిడ్డు పేరుకుని ఉంటాయి. బట్టని నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, రోలరుని తిప్పుతూ తుడువు. ఆరేదాకా మూత వేయకు.

గీత గురించి. ముందు తప్పు ఎవరిదో తేల్చుకో. తెల్లకాగితం మీద నాలుగు మాటలు రాసి, ఫోన్ ఎత్తకుండా కాపీ మీట నొక్కు. నీ మిషన్ నుంచి నీకే కాపీ వస్తుంది. అందులో గీత లేకపోతే తప్పు అవతలివాళ్ళది. ఉంటే తప్పు నీది. మా సంఘంలో కొత్తగా ఫ్యాక్సు కొన్న ప్రతివాళ్ళకీ మొదటి పాఠం ఇదే చెబుతాను. కాగితం మీద గీత కనపడగానే ఎదుటివాళ్ళని తిట్టుకోకండి, అది వాళ్ళు గీసింది కాకపోవచ్చు అని. యుమోతో ముసలావిడకి నువ్వొక క్షమాపణ బాకీ పడ్డట్టే ఉంది.

మోగకుండా పెట్టే ఏర్పాటు మాత్రం చెప్పను. అది నాలాంటివాళ్ళు పెట్టుకునేది. మా ఇంట్లో ఫోన్ మోగదు, కాగితం వస్తుంటే గోడ మీద దీపం వెలుగుతుంది. నీకెందుకది? నిక్షేపంలాంటి చెవులున్నాయి. అసలు మిషన్ వెనకాల కంపెనీవాళ్ళ ఫోన్ నంబరు అతికించి ఉంటుంది చూడు. ఫోన్ చేస్తే పక్కన కూర్చున్నట్టే దారి చెబుతారట. నేను చేయలేను, నువ్వు చేయొచ్చుగా? ఒక్క ఫోన్‌తో తీరిపోయేదానికి మత్సుయె దాకా ఉత్తరం రాయడమేమిటో నాకు అంతుపట్టలేదు.

మిసావో


సెన్‌జాకి,
జులై 3

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. రోలరు తుడిచిన బట్ట చూస్తే నాకే సిగ్గేసింది. ఇప్పుడు బుద్ధిగా ఒక్కొక్క కాగితమే తీసుకుంటోంది. కాగితాలు బియ్యం రేకు డబ్బాలోకి మార్చాను, బియ్యం ఎక్కడ పెట్టాలో తెలియక తొమియె కోసం ఎదురుచూస్తున్నాను.

కాపీ కూడా తీశాను. గీత ఉంది. నిలువునా, పైనుంచి కిందిదాకా. తప్పు నాదేనని తేలిపోయింది.

ఆ గీత నన్ను ఎంత అల్లరిపాలు చేసిందో విను. యుమోతో హోటల్లో పెళ్ళివిందు. మర్నాడు పంపే సరుకంతా, ఎప్పటిలాగే కుడి అంచు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటీ ఒక్కో వరసలో పైనుంచి కిందికి నిలువుగా రాసి ఫ్యాక్సు చేశాను. గీత కూడా నిలువుగానే పడుతుందిగా, సరిగ్గా వేయించిన చేపముద్దలు రాసిన వరస మీద పడింది. మనవాళ్ళు అక్కర్లేని మాటని గీత గీసి కొట్టేసి పంపుతారు కదా, ఆవిడ అదే అనుకుంది. షూజో దగ్గర వేయించినవి లేవు కాబోలు, కొట్టేశాడు అని పక్క ఊళ్ళో కొనుక్కుంది. తెల్లారి నేను బుట్టలు దింపుతుంటే వంటాయన నన్ను చూసిన చూపు ఉందే, చెప్పనలవి కాదు. మిగిలిన సరుకంతా వారం రోజులు పొద్దునా సాయంత్రం నేనే తిన్నాను. ఇంకో జన్మలో కూడా నాకు వేయించిన చేపముద్ద వద్దు.

కంపెనీవాళ్ళ నంబరు చూశాను. వాళ్ళతో నాకు పడదు. గబగబా మాట్లాడతారు. నువ్వు రాస్తే నింపాదిగా పదిసార్లు చదువుకోవచ్చు. గీత పోవడానికి ఏం చేయాలో అదీ నువ్వే రాయి.

మరో మాట. నవంబరుకి అమ్మ పోయి ఆరేళ్ళు, మరణించిన ఏటినీ కలుపుకునే గుడి లెక్కన ఏడో స్మారకం. గుళ్ళో గురువుగారు తేదీ అడుగుతున్నారు. ఈసారైనా వస్తావా? మొదటి ఏడాది రాలేదు. మూడో దానికి అచ్చుకార్డు పంపితే జవాబు కూడా రాయలేదు. పిలవలేదని అనడానికి మాత్రం లేదు. నీ మనసులో ఏముందో నాకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. అమ్మ కోసమైనా రావచ్చు కదా.

షూజో


మత్సుయె,
జులై 11

సెన్‌జాకి చేపముద్దల కొట్టు యజమాని షూజో గారికి,

ఈసారైనా వస్తావా అని అడిగారు. ఎంత బాగా అడిగారు! పిలవలేదని అనడానికి లేదని కూడా సెలవిచ్చారు.

నువ్వు మర్చిపోయావేమో గానీ నేను మర్చిపోలేదు. అమ్మ పోయిన మొదటి ఏడాదికి నీ చేతిరాతతో ఫ్యాక్సు పంపావు. దీపం వెలిగింది, పరిగెత్తుకెళ్ళి చూశాను. మొదటి వరసలో తేదీ. రెండో వరసలో గుడి. మూడో వరసలో, తప్పకుండా రా అక్కా, నువ్వు వచ్చేదాకా మొదలుపెట్టం అని. ఆ వరసంతా పైనుంచి కిందిదాకా గీత గీసి కొట్టేసి ఉంది. రమ్మని రాయడం, మళ్ళీ మనసు మారి కొట్టేయడం, కొట్టేసినట్టు నాకు తెలియాలని ఆ కాగితమే పంపడం. వేరే కాగితం మీద తిరగరాసే ఓపిక కూడా నా విషయంలో నీకు లేకపోయింది. తర్వాత పంపిన అచ్చుకార్డు ఊరందరికీ పంపిందే. దానికి జవాబెందుకు?

ఇంకా ఉంది, ఈరోజు అంతా చెప్పేస్తాను. అమ్మ అంత్యక్రియల రోజున సదయొ పిన్ని నిన్ను అడిగింది, మిసావోకి ముందే ఎందుకు చెప్పలేదు అని. నువ్వు ఏమన్నావు? "వచ్చి మాత్రం ఏం చేస్తుంది? అమ్మ మాటలు దానికి వినపడేవా ఏంటి?" అన్నావు. హాలుకి ఆ చివర నువ్వు, ఈ చివర నేను. నేను చూస్తున్నానని నీకు తెలియదు. నీ పెదవులు ఎంత స్పష్టంగా కదులుతాయో నీకు తెలుసా? జ్వరం వచ్చి నా చెవులు పోయినప్పుడు నువ్వు ఇంకా మాటలు నేర్చుకునే పిల్లాడివి. నా ముఖంలోకి చూస్తూ, నాకు అర్థమయ్యేలా నోరు తెరిచి మాట్లాడటం నేర్చుకున్నావు. ఈ లోకంలో అందరికన్నా తేలిగ్గా నేను చదవగలిగిన పెదవులు నీవే. వాటి మీదే ఆ మాట చదివాను.

నేను రాను. గురువుగారికి ఏ తేదీ కావాలంటే ఆ తేదీ చెప్పుకో.

గీత పోవాలంటే మూత పైకి ఎత్తు. రోలరుకి ఎదురుగా సన్నటి అద్దం పట్టీ అడ్డంగా ఉంటుంది. దాని మీద ఎక్కడో చిన్న మరక అంటుకుని ఉంటుంది. కంటికి కనపడకపోతే వేలి కొనతో తడిమి చూడు. మెత్తటి బట్టతో తుడువు. గోకకు, అద్దం గీరుకుపోతుంది.

మిసావో

మర్నాడు: కవరు అంటించి కూడా పోస్టులో వేయలేకపోయాను. యుమోతో ఆవిడ సంగతి రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. పొద్దున లేచి ఆ పాత ఫ్యాక్సు తీశాను. దాచుకున్నానని అనుకోకు, కుట్టుపెట్టె అడుగున పరిచి ఉంది, అంతే. దాని మీద గీత కాగితం కుడి అంచు నుంచి నా మూడు వేళ్ళు పెడితే సరిపోయేంత దూరంలో ఉంది. నీ మిషన్ ఇప్పుడు గీసే గీత ఎక్కడ పడుతోందో చూసి రాయి. తుడవకముందే చూడు. ఎందుకని అడగకు.


సెన్‌జాకి,
జులై 19

అక్కా,

మూడు వేళ్ళు. నా వేళ్ళు లావు కాబట్టి కొంచెం తక్కువ.

మూత ఎత్తి చూశాను. అద్దం పట్టీ మీద ఆవగింజలో సగం ఉండే తెల్లటి పొలుసు అంటుకుని ఉంది. రాయిలా గట్టిపడిపోయింది. నువ్వు గోకవద్దన్నావని తడిబట్ట వేసి చాలాసేపు నాననిచ్చి తీశాను. చేప పొలుసు అనుకున్నాను ముందు. అరచేతిలో వేసుకుని చూస్తే వైట్నర్. తప్పులు రాస్తే పైన పూస్తామే, అదే.

మా కొట్లో వైట్నర్ వాడింది ఎప్పుడో నాకు గుర్తుంది. తొమియె లెక్కలు పెన్సిల్‌తో రాస్తుంది, నేనసలు ఏమీ రాయను. ఆ మొదటి ఏడాదికి దూరపు చుట్టాలందరికీ ఒకటే ముక్క రాశాను, దూరం కనుక శ్రమపడి రానవసరం లేదు అని. చెయ్యి అలవాటు పడిపోయి నీకు రాసే కాగితం మీద కూడా మూడో వరసలో అదే రాసేశాను. రాశాక చూసుకున్నాను. అమ్మ కూతురికి ఈ మాటేంటి అని వైట్నర్ పూసి, దాని మీదే రాశాను, తప్పకుండా రా అక్కా, నువ్వు వచ్చేదాకా మొదలుపెట్టం అని. నీకు త్వరగా చేరాలని ఆత్రం. అది ఆరిందో లేదో కూడా చూడకుండా మిషన్‌లో పెట్టేశాను. వరస మొదట్లో ఉన్న తడి అద్దానికి అంటుకుంది. అక్కణ్ణుంచి కింద ఉన్న వరసంతా ఆ మరక మీదుగానే జారింది.

గీత నేను గీయలేదు అక్కా. నిన్ను రమ్మని తిరగరాయడమే గీత పడటానికి కారణమైంది.

ఆ రోజు నీ కోసం నిజంగానే ఆగాం. రైలు వచ్చే వేళ దాటింది. మన వైపు రైళ్ళు ఎన్నో లేవు కదా, ఆ తర్వాతి రైలుకైనా వస్తావని గురువుగారిని బతిమాలాను. ఆయన మళ్ళీ టీ తెప్పించుకుని తాగారు. సదయొ పిన్నికి కాళ్ళు తిమ్మిరెక్కి లేచి నిలబడింది. "రాదురా, దానికి మనమంటే లెక్కలేదు" అంది. నేను పిన్ని మీద కేకలేశాను. తర్వాతి రైల్లో కూడా నువ్వు రాలేదు. మంత్రాలు మొదలుపెట్టమన్నాను. ఆ రోజు నుంచి నీ మీద కోపం పెంచుకున్నాను. రావద్దని నేనే కొట్టేసి పంపానని నువ్వక్కడ కూర్చున్నావు, పిలిస్తే రాలేదని నేనిక్కడ కూర్చున్నాను. ఆ తర్వాత నేను ఫ్యాక్సు పంపవలసిన పనే పడలేదు, పంపి ఉంటే ఎవరో ఒకరు చెప్పేవారు. కాగితాలు రావడమే గానీ మా నుంచి పోవడం లేదు. మరక అక్కడే ఉండిపోయింది.

అంత్యక్రియల రోజున ఆ మాట అన్నాను. అనలేదని చెప్పను. నువ్వు చూశావని ఇన్నాళ్ళూ నాకు తెలియదు. తెలిసి ఉంటే నీ ముందుకి రావడానికి ముఖం చెల్లేది కాదు.

కంపెనీవాళ్ళకి ఫోన్ ఎందుకు చేయలేదో కూడా చెప్పేస్తాను. నాకు వినపడటం లేదు అక్కా. చేప రుబ్బే మిషన్ పక్కన ఇన్నేళ్ళు నిలబడ్డ చెవులు, రెండేళ్ళుగా పోతూ వచ్చాయి. ఎడమది పూర్తిగా పోయింది. కుడిదాంట్లో ఎవరో దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంటుంది. తొమియె ఎదురుగా నిలబడి చెబితే తెలుస్తుంది, ఫోన్‌లో ఒక్క ముక్క తెలియదు. ఆవిడ ఆస్పత్రికి వెళ్ళాక ఆర్డర్లన్నీ తారుమారు చేశాను. ఊళ్ళోవాళ్ళకి తెలియకూడదని ఫ్యాక్సు పట్టుకున్నాను. అందరికన్నా నీకు తెలియకూడదనుకున్నాను. ఇప్పుడైతే, ఆ మాట అన్నవాడికి తగినశాస్తి జరిగిందని నవ్వుకుంటావని భయం.

నీ తమ్ముడు


మత్సుయె,
జులై 26

తమ్ముడూ,

నవ్వలేదు రా. నవ్వుతానని ఎలా అనుకున్నావు?

నీ ఉత్తరం చదివి పాత కాగితం ముందు పెట్టుకుని మళ్ళీ చూశాను. ఇప్పుడు చూస్తే ఎంత స్పష్టంగా ఉందో. చేత్తో కొట్టేసిన గీత అంత తిన్నగా రాదు. ఎవరి చేతికైనా ఎక్కడో ఒకచోట వణుకు ఉంటుంది. ఇది కాగితం అడుగంచు దాకా పోయింది, మాటలు అయిపోయాక ఖాళీ జాగాలో కూడా పోయింది. ఖాళీని ఎవరు కొట్టేస్తారు? సంఘంలో అందరికీ పాఠాలు చెప్పేదాన్ని నేను. ఎదుటివాళ్ళని తిట్టుకోకండి, మళ్ళీ ఒకసారి పంపమనండి అని నూరిపోస్తాను. ఇంకెవరి కాగితమైనా నా దగ్గరికి వచ్చి ఉంటే చూసీ చూడగానే అద్దం తుడవమనేదాన్ని. నీ కాగితం కాబట్టి చూడలేదు. నీ మీద కోపంగా ఉన్నాను, ఆ కోపానికి సరిపోయే గీత దొరికింది, నమ్మేశాను. సరిగా రాలేదు, మళ్ళీ పంపు అని ఒక్క ముక్క ఫ్యాక్సు చేసి ఉంటే సరిపోయేది. ఎన్ని సంవత్సరాలు పాడుచేసుకున్నాం!

నవంబరుకి వస్తాను. గురువుగారికి తేదీ చెప్పు.

ఈలోగా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళు. సిగ్గు పడకు. ఎదుటి మనిషి ముఖం మీద వెలుతురు పడే చోట నిలబెట్టి మాట్లాడించుకో. అర్థంకాకపోతే అర్థం కాలేదని చెప్పు, తలూపి ఊరుకోకు. తలూపడం మరిగితే బతుకంతా తలూపుతూనే గడిచిపోతుంది, నన్ను అడుగు. పెదవులు చదవడం నేర్పే క్లాసులు మీ వైపు కూడా ఉంటాయి. వెళ్ళు. మోగకుండా పెట్టే ఏర్పాటు ఎలాగో వెనక పేజీలో బొమ్మ గీసి పెట్టాను.

ఇక నేను ఆరేళ్ళుగా అడగాలనుకున్నది ఒకటుంది. అమ్మ చివరిసారి ఏం మాట్లాడింది? నువ్వు పక్కనే ఉన్నావు. ఆ రోజుల్లో నీ చెవులు బాగానే ఉన్నాయి. మిగతావన్నీ వదిలేశాను గానీ ఇది ఒక్కటే నాకు తీరలేదు. పెద్ద మాటే కానక్కర్లేదు. కిటికీ మూయమన్నా సరే, ఆకలేస్తోందన్నా సరే. నాకు అది కావాలి. చెప్పు.

నీ అక్క


సెన్‌జాకి,
అక్టోబరు 8

అక్కా,

ఇంత ఆలస్యం చేసినందుకు ఏమీ అనుకోకు. నాలుగుసార్లు రాసి చించేశాను. వైట్నర్ మాత్రం ముట్టుకోలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చెవిలో పెట్టుకునేది ఇచ్చాడు. అందులో గిన్నెల చప్పుళ్ళు వినపడుతున్నాయి, మనుషుల మాటలు వినపడటం లేదు. తొమియె వచ్చే వారం ఇంటికి వస్తోంది, చేతికర్రతో నడుస్తోంది. నువ్వు చెప్పిన క్లాసుకి కూడా వెళుతున్నాను. అక్కడందరూ నాకన్నా చిన్నవాళ్ళు, నాకన్నా చురుకైనవాళ్ళు. టీచరమ్మ గొంతు రాకుండా పెదవులు మాత్రం కదుపుతుంది, మేం చెప్పాలి. మొదటి రోజు ఒక్కటీ చెప్పలేకపోయాను. రెండో వారం, ఆవిడ నా ముందు వంగి ఏదో అంది. వాన వస్తోందా అని అడిగిందని నాకు తెలిసింది. గొంతు లేదు, చప్పుడు లేదు, అయినా తెలిసింది. నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. ఆవిడ సంతోషం అనుకుని అందరిచేతా చప్పట్లు కొట్టించింది.

సంతోషం కాదు అక్కా. నువ్వడిగినదానికి జవాబు అక్కడ దొరికింది.

చివరి రెండు రోజులూ అమ్మకి గొంతు లేదు. ఆస్పత్రిలో గొట్టం వేసి తీశాక మాట పూర్తిగా పోయింది. ఈ సంగతి నీకెవరూ చెప్పలేదనుకుంటాను. చివరి మధ్యాహ్నం కళ్ళు తెరిచి నా వైపు చూసింది. పెదవులు కదిపింది. ఒకసారి కాదు. ఆగి, మళ్ళీ కదిపింది. నేను ముఖం దగ్గరగా పెట్టి "ఏంటమ్మా? ఏంటి? గట్టిగా చెప్పు" అని అరిచాను. చెవి ఆవిడ నోటికి ఆనించాను. చెవి ఆనిస్తే పెదవులు కనపడవు కదా, నేను చేసింది అదీ. ఊపిరి తప్ప ఏం వినపడలేదు. నర్సుని పిలిచాను, ఆమెకీ తెలియలేదు. తొమియెకీ తెలియలేదు. కాసేపటికి అమ్మ కదపడం మానేసింది. మమ్మల్ని అలా చూస్తూ ఉండిపోయింది. సాయంత్రానికి పోయింది.

ఆ రోజు పొద్దునే డాక్టరు పిలవాల్సినవాళ్ళని పిలుచుకోమన్నాడు. నీకు ఫ్యాక్సు చేయాలంటే ఆస్పత్రి నుంచి కొట్టుకి వెళ్ళాలి. రేపు చేద్దాంలే అనుకున్నాను. పొద్దున పంపి ఉంటే మధ్యాహ్నానికి నువ్వు వచ్చేదానివి.

ఆ గదిలో చెవులున్నవాళ్ళం ముగ్గురం ఉన్నాం, అవి మాకెవరికీ పనికిరాలేదు. అమ్మ మాట వినగలిగినదానివి నువ్వొక్కదానివే. నిన్నే నేను పిలవలేదు. పైగా హాల్లో నిలబడి, దానికి వినపడేవా అన్నాను.

ఆ పెదవులు ఎలా కదిలాయో నాకు ఇంకా గుర్తుంది. నువ్వు వచ్చినప్పుడు నా పెదవులతో చేసి చూపిస్తాను. నీకు నా పెదవులు తేలిగ్గా తెలుస్తాయన్నావుగా. ఏమైనా తెలుస్తుందేమో చూడు.

షూజో


మత్సుయె,
నవంబరు 24

ఒరేయ్ షూజో,

క్షేమంగా చేరాను. తొమియె కట్టిచ్చిన చేపముద్దలు రైల్లోనే సగం తినేశాను. వేయించినవి ఒక్కటీ పెట్టకుండా చేశావు, ఆ శపథం నీ వరకే ఉంచుకో.

గుళ్ళో నువ్వు అందరికన్నా ముందు వంగి దండం పెట్టడం, అందరూ వంగినప్పుడు నిటారుగా కూర్చోవడం చూస్తే నవ్వు ఆపుకోలేకపోయాను. అమ్మ స్మారకంలో నవ్వానని పిన్ని ఇంకో పదేళ్ళు చెప్పుకుంటుంది. గురువుగారి నోటి వంక చూడకు, భుజాల వంక చూడు. మంత్రం ముగిసే ముందు భుజాలు కొంచెం దిగుతాయి. నేను చిన్నప్పట్నుంచీ గుళ్ళలో అలాగే నెట్టుకొచ్చాను. నా మోచేతి పోటుకి నీ పక్కటెముకలు కమిలి ఉంటే మందు రాసుకో.

ఇక అసలు సంగతి. పూజ అయ్యాక అమ్మ గదిలో కూర్చోబెట్టి నాకు చూపించావు. తొమియె అలా కాదు ఇలా అని తనూ చూపించింది. ఇద్దరూ ఎన్నిసార్లు చేశారో. "ఏమంది? ఏమంది?" అని నువ్వు నా ముఖంలోకి చూస్తుంటే నీ చెయ్యి నొక్కి ఊరుకున్నాను. అబద్ధం చెప్పేస్తే నీకు ఊరటగా ఉంటుందని కూడా అనిపించింది. ఎదురుగా చెప్పలేకపోయాను గానీ రాయగలను.

నాకు తెలియలేదు రా. పెదవులు మూసుకుని తెరుచుకున్నాయి, అంతవరకు మీ ఇద్దరిదీ ఒకటే. ఆ తర్వాతది నీకు ఒకలా గుర్తుంది, తొమియెకి ఇంకోలా గుర్తుంది. నువ్వు కూడా చేసిన ప్రతిసారీ వేరేగా చేశావు. తప్పు నీది కాదు. అర్థం కాని మాట ఇన్నేళ్ళు పెదవుల మీద నిలవదు. మంచినీళ్ళు అడిగినా పెదవులు ముందు అలాగే మూసుకుంటాయి. మిసావో అని పిలిచినా అలాగే మూసుకుంటాయి. మందు వద్దందేమో, మీరు ఇంటికి వెళ్ళండి అందేమో. నేను అక్కడ ఉంటే ఒక్కసారి చూస్తే చాలు, చెప్పేసేదాన్ని. నీళ్ళే అయితే గొంతు తడిపేదాన్ని. నన్నే అయితే ఇదిగో ఉన్నానమ్మా అనేదాన్ని.

ఆ మధ్యాహ్నం నేను ఇక్కడ కిటికీ పక్కన కూర్చుని ఎవరిదో పెళ్ళి కిమోనోకి అంచు కుడుతున్నాను. తొందరపడాల్సిన పని కూడా కాదది. నీ మీద కోపం లేదు, అది నిజంగానే పోయింది. వచ్చే నెల మళ్ళీ వస్తాను, తొమియెకి చెప్పు. అయినా ఈ ఒక్కమాట నీకు చెప్పకుండా ఉంటే మళ్ళీ నీ దగ్గర ఏదో దాచినదాన్నవుతాను, అందుకని రాస్తున్నాను.

పిలిచి ఉంటే వచ్చేదాన్ని రా.

అక్క